టెక్ సందేహాలు: ఖాళీ గదిలో ఫ్యాన్ ఎవరి కోసం?

ప్రశ్న: సాయంత్రానికి పడక గది చల్లగా ఉంటుందని పొద్దున్నే ఫ్యాన్ వేసి, తలుపు మూసి ఆఫీసుకు వెళ్తున్నాను. తిరిగొచ్చి చూస్తే గది కొలిమిలా ఉంటోంది. ఫ్యాన్ పాడైందా?

ఫ్యాన్ బాగానే ఉంది. దాని మీద మీరు పెట్టుకున్న ఆశే కాస్త ఎక్కువైంది. ఫ్యాన్ గాలిని కదుపుతుందే తప్ప చల్లబరచదు. మన ఒంటిని అంటుకుని ఎప్పుడూ ఒక వెచ్చని గాలి పొర ఉంటుంది. ఫ్యాన్ దాన్ని తోసేసి, చెమటను త్వరగా ఆరబెడుతుంది. చెమట ఆరిపోతూ ఒంట్లోని వేడిని పట్టుకుపోతుంది. మనకు హాయిగా అనిపించేది అందుకే. మంచానికీ బీరువాకూ చెమట పట్టదు కదా, వాటికి ఫ్యాన్ వల్ల ఒరిగేదేమీ లేదు.

పైగా మోటారు తాగిన కరెంటంతా చివరికి ఆ గదిలోనే వేడిగా మారుతుంది. 75 వాట్ల ఫ్యాన్ పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్. బిల్లు మీకు, వేడి గదికి. అనుమానముంటే ఫ్యాన్ కింద ఒక మామూలు థర్మామీటర్ పెట్టి చూడండి. గంట తర్వాత కూడా అంకె దిగదు.

గదే చల్లబడాలంటే బయటి చల్లగాలిని లోపలికి రప్పించాలి. పొద్దుగూకాక, ఇంట్లోకన్నా బయట చల్లగా ఉందనిపించినప్పుడు టేబుల్ ఫ్యాన్‌ను కిటికీ వైపు తిప్పి, గాలి బయటికి పోయేలా పెట్టండి. ఎదురుగా ఉన్న ఇంకో కిటికీ తెరవండి. ఇటు వేడి గాలి పోతుంటే అటు నుంచి చల్లగాలి వస్తుంది. ఫ్యాన్‌ను కిటికీకి ఆనించకుండా ఒకటి రెండు అడుగులు వెనక్కి పెడితే ఇంకా మేలు. దాని ధార చుట్టుపక్కల గాలిని కూడా లాక్కుంటూ వెళ్తుంది. పొద్దెక్కి బయట వేడెక్కగానే కిటికీలు మూసి, కర్టెన్లు దించేయండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు: పగలంతా కిటికీలు బార్లా తెరిచి, రాత్రి దోమల భయంతో మూసేస్తారు. కిటికీకి మెష్ ఉంటే ఆ భయం కూడా ఉండదు.

ప్రశ్న: పాత సీలింగ్ ఫ్యాన్ తీసేసి, కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్ కొనమంటున్నారు. నిజంగా తేడా ఉంటుందా? గోడకున్న పాత రెగ్యులేటర్ పనికొస్తుందా?

తేడా నిజమే. మామూలు ఫ్యాన్ ఫుల్ స్పీడులో 70 నుంచి 80 వాట్లు తీసుకుంటే, దాదాపు అంతే గాలి ఇచ్చే బీఎల్‌డీసీ 30 వాట్ల చుట్టుపక్కల సరిపెట్టుకుంటుంది. మామూలు మోటారులో తిరిగే భాగంలో అయస్కాంత శక్తిని పుట్టించడానికే కొంత కరెంటు పోతుంది. బీఎల్‌డీసీలో అక్కడ శాశ్వత అయస్కాంతాలే ఉంటాయి కాబట్టి ఆ ఖర్చు మిగులుతుంది. రోజుకు పది గంటలు తిరిగే ఫ్యాన్ మారిస్తే ఏడాదికి సుమారు 160 యూనిట్లు తగ్గుతాయి. అందుకే ముందు రాత్రంతా తిరిగేదాన్ని మార్చండి. చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే వేసే గదిలో పాతదాన్ని ఉండనివ్వండి.

రెగ్యులేటర్ మాత్రం వద్దు. ఆ తప్పు నేనూ చేశాను. పాత రెగ్యులేటర్ మీదుగానే కొత్త ఫ్యాన్‌కు కనెక్షన్ ఇప్పించాను. అది గుయ్యిమంటూ తిరగడం, మధ్యలో ఆగడం, మళ్లీ మొదలవడం. రెండు రోజులు టెన్షన్ పడి, ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ పిలిపించి రెగ్యులేటర్ తీయించాక కుదుటపడింది. బీఎల్‌డీసీకి స్పీడు మార్చే సర్క్యూట్ లోపలే ఉంటుంది, రిమోట్‌తో నడుస్తుంది. రిమోట్ సోఫా సందులో పడిపోయిన రోజున గోడ స్విచ్‌తో స్పీడు మార్చుకోవచ్చా అన్నది కొనేముందే అడగండి. సర్క్యూట్ బోర్డు పోతే మామూలు మెకానిక్ వల్ల కాకపోవచ్చు కాబట్టి వారంటీ ఎన్నేళ్లో కూడా చూడండి.

డబ్బా మీద ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది) అంకె చూసి మురిసిపోకండి. చిన్న రెక్కల ఫ్యాన్లు ఎలాగూ గిర్రున తిరుగుతాయి. నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి ఇస్తుందో చూసి, దాన్ని వాట్లతో భాగించండి. ఎక్కువ వచ్చినదే మంచిది.

ప్రశ్న: రెగ్యులేటర్ 5 మీద పెట్టినా ఫ్యాన్ నీరసంగా తిరుగుతోంది. కొత్తది కొనాలా?

అప్పుడే వద్దు. చాలాసార్లు దోషం మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న భాగమైన కెపాసిటర్‌ది, అదే మెకానిక్‌లు కండెన్సర్ అంటారే, దానిది. అది ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడుతుంది. మెయిన్ ఆపేసి, పాతదాని మీద ఎన్ని మైక్రోఫారడ్‌లని ఉందో చూసి (సీలింగ్ ఫ్యాన్లలో తరచూ 2.5 ఉంటుంది) సరిగ్గా అంతే ఉన్నది వేయించండి. ఇంకా జోరుగా తిరుగుతుందని పెద్దది వేస్తే వైండింగ్ (మోటారులోని తీగచుట్ట) వేడెక్కుతుంది. రెక్కల అంచుల మీద పేరుకున్న దుమ్మును కూడా తడిగుడ్డతో తుడవండి. ఫ్యాన్ తిరుగుతున్నా గాలి రాకపోవడానికి అదో కారణం.

ప్రశ్న: టేబుల్ ఫ్యాన్ ముందు గిన్నెలో ఐస్ పెడితే ఏసీలా పనిచేస్తుందని వీడియోల్లో చూపిస్తున్నారు. నిజమేనా?

లెక్క వేద్దాం. కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది. ఒక టన్ను ఏసీ సెకనుకు దాదాపు 3.5 కిలోజౌళ్ల వేడిని బయటికి తోస్తుంది. అంటే మీ గిన్నెడు ఐస్ మొత్తం కరిగి చేసే పని, ఏసీకి ఒకటిన్నర నిమిషం పని. ఆ ఐస్ తయారు చేయడానికి ఫ్రిజ్ అంతకన్నా ఎక్కువ వేడిని మీ ఇంట్లోకే వదిలింది. గిన్నె ముందు కూర్చున్నవారికి కాసేపు బాగుంటుంది, అంతే.

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. ఏసీ పడదంటుంది. ఎంత ఎండ కాసినా ఫ్యాన్ చాలంటుంది. నిజంగా చాలుతుందా?

కొంతవరకే. మన చర్మం సుమారు 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకన్నా వేడెక్కితే ఫ్యాన్ ఆ వేడినే ఒంటి మీదికి తెస్తుంది. చెమట ధారాళంగా పడితే కొంత కాచుకుంటుంది కానీ, వయసు పైబడినవారికి చెమట తక్కువ పడుతుంది. 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ ఒంటిని వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా హెచ్చరిస్తోంది. అమ్మగారి గదిలో ఒక థర్మామీటర్ తగిలించండి. వేడి పెరుగుతుంటే చేతులు, మెడ, పాదాలు తడిగుడ్డతో తుడుస్తూ ఉండండి. లేని చెమటకు ఆ తడి బదులు పనిచేస్తుంది. అంకె 40కి చేరువవుతుంటే ఆవిడను ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలోకి మార్చండి, పడదన్నా సరే ఆ కాసేపు ఏసీని 27 మీద పెట్టి ఒప్పించండి. మాట తడబడినా, అయోమయంగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా ఫ్యాన్ స్పీడు పెంచుతూ కూర్చోకండి. తడిగుడ్డలు కప్పుతూనే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.