కంట్రీ డైరెక్టర్ కావాలంటే ముందు గోదాము లెక్క తెలియాలి

ప్రశ్న: సోషల్ వర్క్‌లో పీజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. యుద్ధాల్లో, వరదల్లో, కరవుల్లో చిక్కుకున్న జనానికి సాయం చేసే అంతర్జాతీయ సంస్థలో చేరాలని, ఏదో ఒక రోజు ఒక దేశంలో ఆ సంస్థ పనంతా నడిపించే కంట్రీ డైరెక్టర్ కావాలని నా కోరిక. ఏ కోర్సు చేయాలి? ఎన్నేళ్లు పడుతుంది? మా నాన్న మాత్రం, "సేవ చేసుకో, కాదనను. అది ఉద్యోగం ఎలా అవుతుంది? పైగా ప్రాణానికి పూచీ ఎవరు?" అంటున్నారు. ఆయనకేం చెప్పాలి?

జవాబు: కోర్సు సంగతి కాసేపు పక్కన పెడదాం. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు రోజంతా ఏం చేస్తారో తెలిస్తే ఏం చదవాలో మీకే తడుతుంది. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను కొన్నేళ్లు ఒక సహాయ సంస్థలో గ్రాంట్ల విభాగంలో పనిచేశాను. అప్పుడు చూసిన ఒక సాయంత్రం గురించి చెబుతాను.

ఊళ్లు వదిలి వచ్చిన ఆరు వేల మంది ఒక శిబిరంలో ఉన్నారు. వాళ్లకు నీళ్లు ట్యాంకర్లతో తోలించేవాళ్లం. నిధులిచ్చే సంస్థతో ఒప్పందం ఆ రోజు అర్ధరాత్రితో ముగుస్తుంది. పొడిగిస్తామని ఫోన్లో అన్నారు గానీ కాగితం రాలేదు. గడువు దాటాక పెట్టిన ఖర్చును దాత ఒప్పుకోరు, ఆడిట్‌లో అది సంస్థ నెత్తినే పడుతుంది. కాబట్టి రేపటి నుంచి ట్యాంకర్లు ఆపేద్దామన్నాడు ఫైనాన్స్ మేనేజర్. నిబంధన ప్రకారం అతని మాట సరైనదే. ఆపితే జనం వాగు నీళ్లు తాగుతారు, వారం తిరక్కుండా కలరా వస్తుందంది ప్రోగ్రాం మేనేజర్. ఆమె మాటా నిజమే. కంట్రీ డైరెక్టర్ ఇద్దరు చెప్పిందీ విని ఒక కాగితం లాక్కుంది. విపత్తు సాయంలో సంస్థలు పాటించే కనీస కొలతలైన స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు. ఆరు వేల మందికి 90,000 లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకరైతే తొమ్మిది ట్రిప్పులు. "నాలుగు రోజులకు 36 ట్రిప్పులు. ఏ గ్రాంటుతోనూ ముడిపడని మన సొంత నిధిలో ఎంతుంది?" అని అడిగింది. నాలుగు రోజుల ఖర్చు అందులోంచి తీయడానికి ప్రధాన కార్యాలయాన్ని ఫోన్లో ఒప్పించింది. ఐదో రోజుకూ కాగితం రాకపోతే ఏం చేయాలో అప్పుడే రాయించి, కింద సంతకం పెట్టింది. ఇదంతా అరగంటలో అయిపోయింది.

ఆమె ఉద్యోగ జీవితం మొదలైంది గోదాములో స్టాక్ రిజిస్టర్ రాస్తూ. ట్యాంకర్ల లెక్క ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పొడిగింపు కాగితం మూడో రోజు వచ్చింది. రాకపోయి ఉన్నా ఆ సంతకం సరైనదేనని ఈరోజుకీ నమ్ముతాను.

కంట్రీ డైరెక్టర్ పనంటే ప్రధానంగా ఇదే. బియ్యం బస్తాలు పంచే చోట ఆమె నెలకొకసారి కనిపిస్తే ఎక్కువ. సంస్థ ఆ దేశంలో రిజిస్టరై ఉండటానికి మంత్రిత్వ శాఖల చుట్టూ తిరగడం, దాతలతో మాట్లాడటం, ఇతర సంస్థలతో కలిసి ఎవరు ఏ జిల్లా చూసుకోవాలో తేల్చుకోవడం, వందల మంది సిబ్బంది జీతాలు, భద్రత, కొనుగోళ్లు, ఫిర్యాదులు అన్నీ చివరికి ఆ ఒక్క సంతకం దగ్గరికే వస్తాయి. 2005లో ఐక్యరాజ్యసమితి తెచ్చిన క్లస్టర్ పద్ధతిలో నీళ్లు, ఆరోగ్యం, ఆశ్రయం వంటి ఒక్కో రంగానికి ఒక్కో సమన్వయ బృందం ఉంటుంది. వాటి సమావేశాల్లో తన సంస్థ తరఫున మాట ఇచ్చేవాళ్లు, ఆ మాట తప్పితే సమాధానం చెప్పుకోవాల్సినవాళ్లు కూడా వీళ్లే.

కుదరదని చెప్పడం ఈ పనిలో మరీ కష్టమైన భాగం. సరుకు లారీని చెక్‌పోస్టు దగ్గర ఆపి డబ్బడుగుతారు. తన వర్గం వాళ్ల పేర్లే జాబితాలో ఉండాలని స్థానిక నాయకుడు పట్టుబడతాడు. ప్రచారం బాగా వచ్చే ప్రాంతంలోనే పని చేయమని దాత ఒత్తిడి తెస్తాడు. మానవత, తటస్థత, నిష్పాక్షికత, స్వతంత్రత అనే నాలుగు సూత్రాలను ఈ రంగంలో అందరూ వల్లె వేస్తారు. లారీ చెక్‌పోస్టు దగ్గర రెండు రోజులుగా నిలిచిపోయి, అవతల జనం ఎదురుచూస్తున్నప్పుడు వాటిలో దేన్ని ఎంతవరకు పట్టుకోవాలో తేల్చుకోవడం వేరు. 2022 డిసెంబర్ 24న అఫ్గానిస్తాన్‌లో తాలిబన్ ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థల్లో మహిళలు పనిచేయకూడదని ఆదేశించింది. మహిళా సిబ్బంది లేకుండా అక్కడి ఇళ్లలోని ఆడవాళ్లను చేరడం దాదాపు అసాధ్యం. కొన్ని పెద్ద సంస్థలు పని నిలిపేశాయి, ఆరోగ్యం వంటి రంగాల్లో మినహాయింపులు సంపాదించుకుని కొన్ని చోట్ల మళ్లీ మొదలుపెట్టాయి. కడుపు నిండని శీతాకాలంలో పని ఆపడం సరైనదా, మహిళల్ని ఇంటికి పంపి కొనసాగడం సరైనదా? ఈ రంగంలో తలపండినవాళ్లు కూడా దీనిమీద ఏకాభిప్రాయానికి రాలేదు. మీరు ఆ కుర్చీలో ఉంటే ఏం చేసేవాళ్లో రెండు పేజీలు రాసి చూడండి. పెద్ద పదవుల ఇంటర్వ్యూల్లో అడిగేది ఇలాంటి ప్రశ్నలే.

ఇక ఎన్నేళ్లు? పన్నెండు నుంచి పదిహేనేళ్లని లెక్క వేసుకోండి. మొదట ఫీల్డ్ ఆఫీసర్, తర్వాత ప్రాజెక్టు మేనేజర్, ఆపైన ఒక ప్రాంతం మొత్తానికి ఏరియా కోఆర్డినేటర్. అక్కడి నుంచి ప్రోగ్రాం విభాగాధిపతి లేదా డిప్యూటీ కంట్రీ డైరెక్టర్, ఆ తర్వాతే ఆ కుర్చీ. ఇందులో దాటేయకూడని మెట్టు ఏరియా కోఆర్డినేటర్. వాహనాలు, గోదాము, నగదు పెట్టె, సిబ్బంది గొడవలు, ఊరి పెద్దల కోపతాపాలు అన్నీ మొదటిసారి ఒకేసారి మీదపడేది అక్కడే. ఆ మెట్టు ఎక్కకుండా నేరుగా రాజధానిలోని కార్యాలయానికి చేరినవాళ్లు నివేదికలు చక్కగా రాస్తారు, ట్యాంకర్లు ఆగిన రాత్రి తడబడతారు.

మీలాంటి విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. అందరూ బాధితులతో నేరుగా ఉండే ప్రాజెక్టు ఉద్యోగాలే కోరుకుంటారు. ఫైనాన్స్, లాజిస్టిక్స్, గ్రాంట్లు అంటే ముఖం తిప్పుకుంటారు, అవి గుమాస్తా పనులని. కానీ కంట్రీ డైరెక్టర్ల ఉద్యోగాలు ఎక్కువగా ఊడేది డబ్బు, కొనుగోళ్లు, సిబ్బంది దుష్ప్రవర్తన దగ్గరే. ప్రతి గ్రాంటులోనూ ప్రతి ఖర్చూ వేర్వేరు పద్దు. ఒక పద్దులో మిగిలిన డబ్బును అనుమతి లేకుండా ఇంకో పద్దులోకి మార్చితే తప్పే. మూడు కొటేషన్లు లేకుండా జనరేటర్ కొంటే, అవసరం ఎంత నిజమైనా, ఆడిటర్ ఎర్ర గీత గీస్తాడు. సాయం తీసుకునే మహిళను సిబ్బందిలో ఎవరైనా లైంగికంగా దోచుకున్నారని ఫిర్యాదు వస్తే, దాన్ని కప్పిపుచ్చిన నాయకుడిది క్షమించరాని నేరం. ఆ ఫిర్యాదు భయం లేకుండా చేయగలిగే దారి ఉందా లేదా అన్నది కూడా ఆ నాయకుడి బాధ్యతే. అందుకే మొదటి ఐదేళ్లలో కనీసం ఒక ఏడాది డబ్బు లేదా సరుకు చూసే విభాగంలో గడపండి. ఈ సలహాలన్నింటిలో నేను గట్టిగా పట్టుబట్టేది ఇదొక్కటే.

ఇప్పుడు కోర్సు. ఈ పదవికంటూ ప్రత్యేకమైన డిగ్రీ లేదు. ప్రజారోగ్యం, సివిల్ ఇంజినీరింగ్, పోషకాహారం, న్యాయశాస్త్రం, అకౌంట్లు చదివినవాళ్లు ఈ పదవిలో ఉన్నారు. మీ సోషల్ వర్క్ డిగ్రీ చాలు. యూరప్‌లో కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే నోహా, జెనీవాలోని మానవతా అధ్యయనాల కేంద్రం వంటివి మంచి మాస్టర్స్ చెబుతాయి. వాటి కోసం ఇప్పుడే అప్పు చేయొద్దు. రెండు మూడేళ్లు ఫీల్డులో ఉండి, మీకు లోటుగా ఉన్నది ఏమిటో తెలిశాక వెళ్తే ఆ చదువుకు విలువ. ఈలోగా కయా, డిజాస్టర్‌రెడీ అనే వేదికల్లో ఉచిత కోర్సులున్నాయి. ప్రాజెక్టు నిర్వహణ, భద్రత, లెక్కల మీద పాఠాలు ఒక్కొక్కటిగా పూర్తిచేయండి. స్ఫియర్ హ్యాండ్‌బుక్ నెట్‌లో ఉచితంగా చదవొచ్చు. ఎన్ని లీటర్లు, ఎంతమందికొక మరుగుదొడ్డి, మనిషికి ఎన్ని చదరపు మీటర్ల నీడ అన్నవి నాలుక చివర ఉండాలి. భాషల్లో ఫ్రెంచి గానీ అరబిక్ గానీ ఒకటి పట్టండి. సహాయ కార్యక్రమాలు పెద్దగా నడిచే దేశాల్లో చాలావాటిలో ఈ రెంటిలో ఒకటి లేకుండా జిల్లా అధికారితో నేరుగా మాట్లాడలేరు. దుబాసీ పక్కనుంటే మాట చేరుతుంది, నమ్మకం చేరదు.

ఉద్యోగ ప్రకటనలకు రిలీఫ్‌వెబ్ చూడండి. ఐక్యరాజ్యసమితి మానవతా సమన్వయ కార్యాలయం నడిపే వెబ్‌సైట్ అది. ఇప్పుడే దరఖాస్తు చేయడానికి కాదు. కంట్రీ డైరెక్టర్ ప్రకటనలు పది తీసి, వాటిలో అడిగే అర్హతలు వరుసగా రాసుకోండి. మీకు లేనివి ఏవో కనిపిస్తాయి. వచ్చే పదేళ్ల ప్రణాళిక ఆ జాబితాయే.

నాన్నగారి మొదటి మాటకు వస్తాను. ఇది ఉద్యోగమే. జీతం, బీమా, సెలవులు ఉంటాయి. అయితే కాంట్రాక్టులు చాలావరకు గ్రాంటు ఉన్నంత కాలమే. ప్రపంచంలో మానవతా సాయానికి అందరికంటే ఎక్కువ డబ్బిచ్చిన అమెరికా, 2025 జనవరిలో విదేశీ సాయాన్ని నిలిపేసి, జూలై 1 నాటికి ఆ సాయం అందించే తన యూఎస్ఎయిడ్ సంస్థనే మూసేసింది. ఎన్నో సంస్థలు కార్యాలయాలు ఎత్తేశాయి, అనుభవమున్న నాయకులు కూడా రోడ్డున పడ్డారు. మీరు అడుగుపెడుతున్నది అలాంటి కాలంలో. అందుకే లెక్కలు గానీ, ప్రజారోగ్య గణాంకాలు గానీ, సరఫరా నిర్వహణ గానీ ఈ రంగం బయట కూడా పనికొచ్చే నైపుణ్యం ఒకటి చేతిలో పెట్టుకోమంటాను. ఇంకొక మార్పు మీకు మేలు చేసేదే. స్థానిక సంస్థలకు వీలైనంత నేరుగా 25 శాతం నిధులు చేరాలని 2016లో గ్రాండ్ బార్గెయిన్ ఒప్పందంలో దాతలు, పెద్ద సంస్థలు మాటిచ్చాయి. ఆ మాట ఇంకా నెరవేరలేదు గానీ, ఆ దేశంలోనే పుట్టి పెరిగినవాళ్లను కంట్రీ డైరెక్టర్లుగా పెట్టే ధోరణి పెరుగుతోంది. విమానం ఎక్కడమే ఈ కెరీర్ మొదలని అనుకోవద్దు. మీకు తెలిసిన నేల మీద, మీకు వచ్చిన భాషలో విపత్తు పని చేసి చూపిస్తే, బయటి దేశంలో అవకాశం అడగడానికి అదే ఆధారం.

ఆయన రెండో ప్రశ్నను తీసిపారేయకండి. 2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లోని ఐక్యరాజ్యసమితి కార్యాలయంపై బాంబు దాడిలో ఇరాక్‌లో ఆ సంస్థ ప్రత్యేక ప్రతినిధి సెర్జియో వియెరా డి మెల్లోతో సహా 22 మంది చనిపోయారు. ఆ తేదీనే ఇప్పుడు ప్రపంచ మానవతా దినంగా పాటిస్తున్నారు. ఒక్క 2024లోనే 383 మంది సహాయ సిబ్బంది హతమయ్యారు, వాళ్లలో అత్యధికులు ఆయా దేశాల సొంత సిబ్బందే. డ్రైవర్లు, కాపలాదార్లు, నర్సులు. ఒక కంట్రీ డైరెక్టర్ ఏ వాహనం ఏ దారిన వెళ్లాలో నిర్ణయించేటప్పుడు మొదట తలుచుకోవాల్సింది వాళ్లనే. 2012లో కెన్యాలోని దదాబ్ శరణార్థి శిబిరాల దగ్గర నార్వేకు చెందిన ఒక పెద్ద సంస్థ వాహన శ్రేణిపై దాడి జరిగింది. డ్రైవర్ చనిపోయాడు, నలుగురిని ఎత్తుకెళ్లారు. బందీల్లో ఒకరు బయటపడ్డాక సంస్థ మీద కేసు వేశారు. 2015లో ఓస్లో కోర్టు సంస్థదే ఘోర నిర్లక్ష్యమని తీర్పిచ్చింది. అప్పటినుంచి సిబ్బంది రక్షణ బాధ్యతను సంస్థలు చాలా గట్టిగా పట్టించుకుంటున్నాయి.

కాబట్టి నాన్నగారికి ధైర్యం మాటలు చెప్పకండి. మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు కాంట్రాక్టు ఆయన ముందు పెట్టి ఇద్దరూ కలిసి చదవండి. వైద్య బీమా ఎంత, ప్రమాదం వస్తే ఎవరు ఎలా బయటికి తీసుకొస్తారు, ఫీల్డుకు పంపే ముందు భద్రతా శిక్షణ ఉందా, ప్రమాదమనిపిస్తే వెళ్లనని చెప్పే హక్కు రాసి ఉందా అన్నవి చూడండి. ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు లేని సంస్థలో, దాని పేరు ఎంత పెద్దదైనా సరే, చేరొద్దు.