వాళ్ల వంటింట్లోంచే మొదలుపెట్టు

అమ్మలూ,

కంచరపాలెంలో ఆడవాళ్లకి శాకాహార వంటలు, పోషకాహారం నేర్పబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. అంగన్‌వాడీలో ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని కాబట్టి నాకు తెలిసినవి రాస్తున్నాను.

ముందు ఎవరింట్లో ఏం వండుతున్నారో కనుక్కో. ఒకటే స్టవ్, రేషన్ బియ్యం, తెల్లారేసరికి పనికి పరుగు. అలాంటి మనిషికి క్వినోవా, బాదం పాలు అని చెబితే మొహమాటానికి తలూపి మర్నాటి నుంచి రాదు. చోడి (రాగి) అంబలి, ఉలవచారు, మునగాకు పప్పు చేయించు. ఇవన్నీ వాళ్ల అమ్మమ్మలు తిన్నవే. పట్నం వచ్చాక లేనివాళ్ల తిండని సిగ్గుపడి చాలామంది మానేశారు. ఆ సిగ్గు పోగొట్టడమే నీ పనిలో సగం. వంద గ్రాముల చోళ్లలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందనీ, తెల్ల బియ్యంలో ఉండేది బాగా తక్కువనీ చెప్పు. పిండిని ముందు చల్లనీళ్లలో జారుగా కలిపి, ఆ తర్వాతే మరిగే నీళ్లలో పోయమను. ఉండలు కడితే పిల్లలు ముట్టరు.

రక్తహీనత గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకి ఉన్నట్టు తేలింది. తోటకూర, ఉలవల్లో ఐరన్ ఉన్నా ఒంటికి పట్టేది కొంతే. పొయ్యి కట్టేశాక నిమ్మకాయ పిండితే ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగితే చాలావరకు వృథా, గంటైనా ఆగమను. మన దగ్గర టీ మానిపించడం కష్టం, అందుకే వేళ మార్చమంటున్నాను. ఉలవలు రాత్రి నానబెట్టి గుడ్డలో మూటకట్టి మొలకలు వచ్చాక వండితే ఐరన్ ఇంకా బాగా అందుతుంది, వంట గ్యాసూ కలిసొస్తుంది.

గంజి వంచి పారబోస్తే బి విటమిన్లు కూడా పోతాయి. సరిపడా నీళ్లు పోసి వండటం చూపించు.

జాలరి ఇళ్ల నుంచి వచ్చేవాళ్లుంటే చేపలు మానమని ఒక్క మాట కూడా అనకు. దొరికినంత తినమను, దాని పక్కన పప్పు, ఆకుకూర పెంచమను. బి12 విటమిన్ మొక్కల తిండిలో దొరకదు. పాలు, గుడ్లు, చేపలు ఏవీ తిననివాళ్లు డాక్టర్ని అడిగి మాత్రలు వేసుకోవాలి, ఇది దాచకు. ఆరు నెలలు దాటిన పిల్లలకి తల్లిపాలతో పాటు పెట్టేది ఉత్త అంబలే అయితే సరిపోదు. మెత్తగా ఉడికిన పప్పు, చెంచాడు నూనె కలపాలి.

కూరలు రైతుబజారులో వాళ్లతోనే కొనిపించు. వంటకి ఎంతయిందో బోర్డు మీద రాయి. వండింది ప్రతివాళ్లూ గిన్నెలో ఇంటికి పట్టుకెళ్లాలి. అత్తగారు, భర్త రుచి చూసి ఊ అనకపోతే ఆ కూర మళ్లీ ఆ ఇంట్లో ఉడకదు. మర్నాడు గిన్నె ఖాళీ అయిందో లేదో అడుగు. మిగిలితే ఉప్పు తగ్గిందా, కారం తగ్గిందా వాళ్లనే చెప్పనివ్వు.

మీ పెద్దమ్మ