మిగులు ఊలుతో అక్షరాల బొమ్మలు: నేను అల్లినవీ, చెడగొట్టినవీ

"మా పాపకు మూడేళ్లు నిండబోతున్నాయి. స్వెట్టర్లూ టోపీలూ అల్లగా మిగిలిన ఊలు ముక్కలు సంచెడు ఉన్నాయి. వాటితో అ, ఆ, ఇ, ఈ బొమ్మలు క్రోషియాతో అల్లాలని ఉంది. వీడియోలన్నీ ఏ బీ సీ డీలకే కనిపిస్తున్నాయి. తెలుగుకి ఎలా మొదలుపెట్టాలి?" అని అడిగారు కదా. మాది విజయవాడ, సత్యనారాయణపురం. రెండేళ్ల కిందట మా మనవడి కోసం ఇదే పని నెత్తికెత్తుకున్నాను. కొన్ని బాగా కుదిరాయి, కొన్ని విప్పేసి మళ్లీ ఉండ చుట్టాను.

ముందు ఒక మాట. అక్షరాన్నే బొమ్మగా అల్లకండి. నేను మొదట చేసిన తప్పు అదే. ఇంగ్లీషు ఎల్, టి లాంటివి నిలువు గీతా అడ్డ గీతా కాబట్టి గొట్టంలా అల్లి దూది కూరితే బిర్రుగా నిలబడతాయి. మన అక్షరాలకి అన్నీ వంపులే. గొట్టం అల్లి 'అ' ఆకారంలో వంచి అక్కడక్కడా కుట్టి, అంత కష్టపడి టేబుల్ మీద పెడితే మా వారు కళ్లజోడు సర్దుకుని "చేగోడీ బాగా వచ్చిందే" అన్నారు. లోపల తీగ పెడితే నిలబడుతుందని ఎవరో చెప్పారు. పసివాడి చేతికి ఇచ్చేదాంట్లో తీగ ఏమిటండీ, ఎప్పుడో ఒకరోజు పొడుచుకుని బయటికి రాదూ? ఆ ఆలోచన అక్కడే వదిలేశాను. బొమ్మ వేరు, దాని పొట్ట మీద అక్షరం వేరు. అలా చేస్తే పని సగం తగ్గిపోతుంది.

నాకు అల్లిక నేర్పింది మా అత్తగారు. ఆవిడది నరసాపురం దగ్గర పల్లె. అక్కడి లేసు పని మీకు తెలిసే ఉంటుంది, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సన్నటి తెల్ల నూలు దారం, గుండుసూదిలా సన్నటి కొక్కెం, అరుగు మీద కూర్చుని పువ్వు వెనక పువ్వు. పువ్వులు ఒకరు అల్లితే వాటిని కలిపి టేబుల్ గుడ్డో దుప్పటో చేసేది ఇంకొకరు, దాన్ని అతుకుపని అంటారు. ఆవిడ చేతిలో ఒక్క దారప్పోగు కూడా వృథా అయ్యేది కాదు. నా ఊలు సంచి చూస్తే "ఇంత దారం ఊరికే పెట్టుకున్నావా" అని ఉండేవారు.

ఇక ఆ సంచి సంగతి. అ నుంచి వరసగా మొదలుపెడితే మూడో అక్షరానికే మీకు కావలసిన రంగు అయిపోతుంది. అందుకని అక్షరాల వరసను పక్కన పెట్టి ముక్కల వరసలో వెళ్లండి. సంచి మంచం మీద కుమ్మరించి ఒక్కో ముక్కనీ బారలతో కొలవండి, రెండు చేతులూ చాచి. నా చేతికి, మామూలు 4 ప్లై (నాలుగు పోగులు పేనిన) ఊలుతో నిమ్మకాయంత బంతి అల్లడానికి నాలుగైదు బారలు పడుతుంది. బారకు తక్కువున్నవి కళ్లకీ, ముక్కుకీ, పొట్ట మీద అక్షరానికీ. అయిదు దాటినవి ఒంటికి. పది పన్నెండు బారలున్న రంగు దొరికిందంటే అది మీ ఏనుగు.

అప్పుడు రంగులే చెబుతాయి ఏ అక్షరం ముందో. పసుపు మిగిలిందా, అరటిపండు. అ అంటే అమ్మ అని రాస్తారు గానీ అమ్మని అల్లడం అంత తేలిక కాదు, చీర కట్టాలి, జడ వేయాలి. అరటిపండు ఒక్క సాయంత్రం పని. తెల్లది ఉంటే ఆవు. నేను మన ఒంగోలు ఆవునే చేశాను, వీపు మీద చిన్న గిన్నెలా అల్లి బోర్లిస్తే మూపురం అయిపోయింది. ఉల్లిపాయకి గులాబీ ఊదా కలిసిన ముక్క ఏదున్నా పనికొస్తుంది, బంతి అల్లి పైన మొనలా లాగి కుడితే చాలు. ఇటుక రంగుకి ఇల్లు. గోధుమ రంగుకి ఒంటె. ఈ దగ్గర కాస్త ఆగాలి. ఈగని ఈగంత చేస్తే నోట్లోకి పోతుంది, కాబట్టి నిమ్మకాయంత ఈగని చేశాను. మావాడికి అదే అన్నిటికంటే నచ్చింది, దాన్ని గాల్లో తిప్పుతూ ఇల్లంతా "జుయ్" మని తిరిగేవాడు.

ఊ దగ్గర మాత్రం పరువు పోయింది. ఊయల అంటే తాళ్లుంటాయి, పసిపిల్లల మెడకి చుట్టుకునేవి వద్దనుకున్నాను. ఊదా రంగు ముక్క చాలా ఉంది కదా, ఊ అంటే ఊదారంగు అని, పొడుగ్గా నున్నగా ఒక బొమ్మ అల్లి పొట్ట మీద ఊ కుట్టి ఇచ్చాను. వాడు అటూ ఇటూ తిప్పి చూసి "వంకాయ!" అన్నాడు. నిజమే, అది వంకాయే. పిల్లలు చూసిన వస్తువు పేరు చెబుతారు, మన మనసులో ఉన్న మాట కాదు. చివరికి ఊ అంటే ఊలు అని తట్టింది. గుండ్రటి బంతి అల్లి, పైన దారం చుట్టినట్టు అడ్డదిడ్డంగా గీతలు కుట్టాను. నేను అల్లుతుంటే పక్కనే కూర్చుని చూసేవాడు కాబట్టి ఆ మాట వాడికి ముందే తెలుసు. వంకాయ మీది ఊ విప్పేసి వ కుట్టాను, హల్లుల్లో మొదటి బొమ్మ అదే అయింది.

ఐకి ఐరావతం వద్దు, మళ్లీ ఏనుగే కనిపిస్తుంది. నేను అయిదు రేకుల పువ్వు అల్లి ఐదు అన్నాను. ఋషికి గడ్డం పెట్టాను, అది వారంలో పీకి పారేశాడు.

ఎ, ఏ విషయంలో నేను నేర్చుకున్నది మీకు పనికొస్తుంది. ఎలుకనీ ఏనుగునీ ఒకే బూడిద రంగు దారంతో దాదాపు ఒకే సైజులో చేశాను. వాడు ఎలుకని పట్టుకుని "ఏనుగు పిల్ల" అన్నాడు. ఎందుకనడూ, రెంటికీ పెద్ద చెవులే, ఒకే రంగు. విప్పి మళ్లీ చేశాను. ఈసారి ఎలుక నిమ్మకాయంత, ఏనుగు బత్తాయంత. హ్రస్వానికి చిన్న బొమ్మ, దీర్ఘానికి పెద్ద బొమ్మ. చూపించేటప్పుడు కూడా ఎలుకని టక్కున పెట్టి "ఎ", ఏనుగుని నేల మీద లాగుతూ "ఏ...". ఒ, ఓలకి కూడా అదే, చిన్న ఒంటె, పెద్ద ఓడ. ఒంటె కంటే ఆవు పెద్దది ఎలా అయిందని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకోండి.

అల్లే పద్ధతి మీకు వచ్చే ఉంటుంది గానీ, ఏనుగు లెక్క రాస్తున్నాను. ఊలు మీద రాసిన సైజు కంటే చిన్న కొక్కెం తీసుకోండి, 4 ప్లైకి నేను 2.5 లేదా 3 మిల్లీమీటర్లది వాడతాను. కుట్ల మధ్య కన్నాలు పడితే లోపలి దూది కనిపిస్తుంది, పిల్లలు ఆ కన్నంలో వేలు పెట్టి లాగుతారు. మ్యాజిక్ రింగులో, అంటే కొస లాగితే బిగిసే దారపు చుట్టులో, 6 సింగిళ్లు (సింగిల్ క్రోషియా కుట్లు). తర్వాతి వరసలో ఒక్కోదాంట్లో రెండేసి, 12. ఆ తర్వాత వరసకి ఆరు చొప్పున పెంచుకుంటూ 18, 24, 30, 36. అక్కడి నుంచి పెంచకుండా 6 వరసలు. పెంచిన వరసలు ఎన్నో పెంచనివీ అన్నే ఉంటే బంతి గుండ్రంగా వస్తుంది. తర్వాత వచ్చిన దారినే రెండు కుట్లు కలిపి ఒకటి చేసుకుంటూ 6 దాకా తగ్గండి. తగ్గించేటప్పుడు కుట్టుకి ముందువైపు పోగులోంచే కొక్కెం దూర్చితే బుడిపె రాదు. ఎలుకకి 24 దగ్గరే ఆపి 4 వరసలు చాలు. తొండానికి 6 సింగిళ్లతో మొదలుపెట్టి పెంచకుండా ఎనిమిది వరసలు. చెవులు 12 దాకా అల్లిన బిళ్ళలు, మధ్యకి మడిచి కుట్టేయడమే. వరస ఎక్కడ మొదలైందో గుర్తుకి వేరే రంగు దారం ముక్క పెట్టుకోండి. పిన్నీసు పెట్టే అలవాటు నాకూ ఉండేది, ఒకసారి అది బొమ్మ లోపల ఉండిపోయిందేమోనని మొత్తం విప్పాను. అది సోఫా సందులో దొరికింది.

ముక్కకి ముక్క కలపాల్సి వస్తే వరస చివర రంగు మార్చి, బెత్తెడు కొస వదిలి, కొసల్ని లోపలే ముడేయండి. చారల ఏనుగుని చూసి ఏ పిల్లా ఇదేమిటని అడగదు.

పొట్ట మీద అక్షరం వేయడం దూది సగం కూరాక, మూతి మూయకముందు చేయాలి. పొట్ట కాస్త ఉబ్బి ఉంటే వంపు సరిగా వస్తుంది, వేలు లోపలికి పోతుంది కాబట్టి ముడులు కూడా లోపల దాచుకోవచ్చు. కుట్టు ఏదో కాదు, మనం చిన్నప్పుడు రుమాళ్ల మీద కుట్టిన గొలుసుకుట్టే, రెండు పోగుల ఊలుతో. పలక మీద అక్షరం ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పుతామో సూదిని కూడా అక్కడే మొదలుపెట్టి అటే తిప్పండి. గొలుసు లావుగా పైకి తేలుతుంది, పిల్లవాడి చూపుడు వేలు దానంతట అదే ఆ తోవలో పోతుంది. మా మనవడి వేలు పట్టుకుని నేను దిద్దించింది నాలుగైదు సార్లే. దసరాల్లో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి మీద సరస్వతీదేవి అలంకారంలో అమ్మవారి ముందు వాడికి అక్షరాభ్యాసం చేయించారు, బియ్యంలో వేలు పెట్టగానే వాడు రాసింది ఓంకారం కాదు, ఎలుక పొట్ట మీది ఎ. అయ్యవారు నవ్వి ఊరుకున్నారు. ఋ, ఔ లాంటివి చిన్న పొట్ట మీద ఇరుకైపోతాయి. వాటిని అరచేతి వెడల్పున బిళ్ళ అల్లి దానిమీద వేసి, బిళ్ళని బొమ్మ వీపుకి కుట్టండి.

కళ్ల గురించి. ఇది చదివాక మిగతాదంతా మర్చిపోయినా సరే. ఉ కోసం మొదట అల్లిన ఉడుతకి నేను నల్లటి చొక్కా గుండీలు పెట్టాను, నాలుగు వరసల దారంతో గట్టిగా కుట్టాననుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం మా అమ్మాయి అన్నం పెడుతుంటే వాడు ముద్ద మింగకుండా బుగ్గలో ఏదో దొర్లిస్తున్నాడు. వేలు పెట్టి తీస్తే గుండీ. ఆ పూట నాకు అన్నం సహించలేదు. బొమ్మల కళ్లని దొరికే ప్లాస్టిక్ కళ్లు వెనక బిళ్ళతో బిగుస్తాయి గానీ, అల్లిక సాగితే అవి కూడా జారతాయి. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో నల్ల ఊలుతో కుట్టిన కళ్లే. గుండీలు వద్దు, పూసలు వద్దు, గజ్జెలు వద్దు. తోక జానెడు కంటే పొడుగు వద్దు. ఏ బొమ్మా నిమ్మకాయ కంటే చిన్నది వద్దు. వారానికోసారి తొండం, చెవులు లాగి చూడండి.

లోపలికి బూరుగు దూది వాడొద్దు, నూగు కన్నాల్లోంచి బయటికొచ్చి పిల్లలకి తుమ్ములు. మామూలు పత్తి ఉతికితే ముద్దకడుతుంది, మన వానాకాలంలో ఎంతకీ ఆరదు, వాసన వేస్తుంది. దిండ్లలో కూరే పాలిస్టర్ దూది కొనుక్కోండి. అర బార కంటే చిన్న ఊలు పోగులు కత్తిరించి దాంట్లో కలిపేయొచ్చు, అలా సంచి అడుగుకంటా ఖాళీ అవుతుంది. ఎరుపు నూలు దారం ఉంటే ముందు ఒక ముక్క తెల్లగుడ్డలో చుట్టి తడిపి చూడండి. నా ఆవు మూపురం ఇప్పటికీ గులాబీ రంగులోనే ఉంది.

ఇవి అల్లి అమ్మితే ఎలా ఉంటుందని కూడా చివర్లో అడిగారు. ఇంట్లో పిల్లలకీ, పుట్టినరోజు కానుకలకీ సరే. అమ్మకానికి మాత్రం 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి చేశారు. కేంద్ర జౌళిశాఖలో హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మేవాటికి మినహాయింపు ఉంది. కాబట్టి ముందు ఆ నమోదు కార్డు సంగతి చూసుకుని తర్వాత ధర వేసుకోండి. ఒక ఏనుగుకి నాకు రెండు రోజులు పట్టింది, అది కూడా లెక్కలో వేసుకోండి.

అం, అః లకి ఏం చేయాలో నాకు చాలా రోజులు తోచలేదు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టినప్పుడు ఈ బొమ్మలన్నీ కొండపల్లి బొమ్మల కింది మెట్టు మీద వరసగా పేర్చాను, చివర్లో రెండు చోట్లు ఖాళీ. ఒకటో తరగతి చదువుతున్న మా పెద్ద మనవరాలు వచ్చి చూసి, సంచిలో మిగిలిన ఉత్త తెల్ల బంతి ఒకటి తీసి అరటిపండు పక్కన పెట్టింది. "అం, అమ్మమ్మా. సున్నా." ఇంకో బంతి అడిగింది. లేదని నేను చెబితే, నన్ను అప్పటికప్పుడు కూర్చోబెట్టి నాలుగు బారల దారంతో అల్లించి, మొదటి బంతి మీద నిలబెట్టబోతే అది దొర్లి కింద పడింది. చివరికి రెంటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి కుట్టేశాను. మూడోది అం కోసం విడిగా అల్లాను. మీరు కూడా తెల్ల ముక్కల్లో పన్నెండు పదిహేను బారలు ముందే పక్కన పెట్టుకోండి.