నాచుకూ జేడ్ మొక్కకూ ఒకే పళ్లెంలో పొసగదు

తిరుపతిలో మీ మేడ మీద పళ్లెంలో పెంచిన బుల్లి తోటలో నాచు ఎండిపోయిందనీ, జేడ్ (దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్క) మొదలు కుళ్లిందనీ రాశారు. రెండింటినీ కలిపి నాటడమే అసలు చిక్కు. నాచుకు నీడ, తడి కావాలి. జేడ్‌కు మట్టి బాగా ఆరాకే నీళ్లు పోయాలి. నాచు కోసం మీరు రోజూ చల్లిన నీళ్లే జేడ్‌ను చంపాయి.

నాచు తీసేసి ఆ చోట సన్న గులకరాళ్లు పరవండి. పళ్లేనికి అడుగున రంధ్రాలు తప్పనిసరి. మట్టిలో సగం ముతక ఇసుక కలపండి. మే ఎండ మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది కనుక మధ్యాహ్నం నీడకు జరపండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు చూరు కిందే ఉంచండి.

ఇక ఫొటోల్లో తోట కూరగాయల పళ్లెంలా ఉందన్నారు (నవ్వొచ్చింది, నావీ మొదట్లో అంతే). పైనుంచి తీస్తే అలాగే ఉంటుంది. ఫోనును తలకిందులు చేసి, లెన్సును మట్టికి ఆనేంత దించండి. బొటనవేలంత కొమ్మ కూడా మానులా కనిపిస్తుంది. నేను ప్రతి ఆదివారం ఉదయం ఏడింటికి అదే మూల నుంచి తీస్తాను. పక్కన రూపాయి బిళ్ల పెట్టి మరొకటి తీస్తే ఎదుగుదల తెలుస్తుంది. నీళ్లు పోసిన తేదీలు నోటుపుస్తకంలో రాస్తాను.

జేడ్‌కు కుళ్లని ఆకులేవైనా మిగిలితే పారేయకండి. రెండు రోజులు ఆరనిచ్చి ఇసుక మీద పెట్టండి, వేళ్లు వస్తాయి.