ప్రయాణంలో నెలసరి: నీళ్లు, చేతులు, ఆరవేసే చోటు

ఇంట్లో మెన్‌స్ట్రువల్ కప్పుకో (నెలసరి రక్తాన్ని పట్టేందుకు యోనిలో పెట్టుకునే చిన్న సిలికాన్ కప్పు), గుడ్డ ప్యాడ్లకో అలవాటు పడినవాళ్లు కూడా ఊరెళ్లేటప్పుడు మళ్లీ మెడికల్ షాపులో ప్యాడ్ల ప్యాకెట్ కొంటున్నారని మీ ఉత్తరాలు చెబుతున్నాయి. కొనడం తప్పేమీ కాదు, కానీ భయపడి మానేయాల్సిన పని లేదు. ఇంట్లో దొరికి ప్రయాణంలో దొరకనివి నీళ్లు, సబ్బుతో చేతులు కడుక్కునే వీలు, ఆరవేసే చోటు. మీరు వెళ్లే దారిలో వీటిలో ఏది ఉండదో ముందే ఆలోచిస్తే సంచిలో ఏం పెట్టుకోవాలో తెలిసిపోతుంది.

ప్రశ్న: మే నెలలో సికింద్రాబాద్ నుంచి కాశీకి స్లీపర్‌లో వెళ్తున్నాం. రైల్లోనే ఒక రోజు దాటుతుంది. ఏడాదిగా కప్పు వాడుతున్నాను. రైలు బాత్రూంలో దాన్ని తీసి, కడిగి, మళ్లీ పెట్టుకోవడం తలచుకుంటేనే భయంగా ఉంది. ఎలా చేయాలి?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

ముందు లెక్క చూసుకుందాం. కప్పును 12 గంటలకు మించి లోపల ఉంచకూడదు కాబట్టి మీ ప్రయాణంలో కనీసం రెండుసార్లు తీయక తప్పదు. మామూలు కప్పులో 20 నుంచి 30 మిల్లీలీటర్లు పడుతుంది. చాలామందికి నెలసరి మొత్తంలో పోయేదే 30-40 మిల్లీలీటర్లు. అయినా రెండో రోజు ధాటి వేరు. మీ కప్పు ఎన్ని గంటలకు నిండుతోందో వచ్చే నెల ఇంట్లోనే గమనించి రాసుకోండి. రైల్లో ఆ అంకె చాలా ధైర్యం ఇస్తుంది.

స్టేషనుకు బయల్దేరే ముందు ఇంట్లోనే ఖాళీ చేసి, కడిగి పెట్టుకోండి. రైల్లో ఒకసారి పడుకోబోయే ముందు, ఇంకోసారి తెల్లవారుజామున తీయండి. ఆరు దాటాక బాత్రూం ముందు వరస మొదలవుతుంది. బయట తలుపు కొడుతుంటే ఎంత అలవాటున్నవాళ్లకైనా చెయ్యి వణుకుతుంది.

మెడలో వేలాడేసుకునే చిన్న సంచి ఒకటి ఉంచుకోండి, ఎందుకంటే ఆ బాత్రూంలో ఏదీ కింద పెట్టకూడదు. అందులో కాగితం సబ్బు, అర లీటరు తాగునీళ్ల సీసా, కొన్ని టిష్యూలు, ఒక గుడ్డ ప్యాడు ఉంటే చాలు. సీసా మూతకు కాల్చిన పిన్నుతో నాలుగు చిల్లులు పెట్టండి. నొక్కితే సన్నటి ధార వస్తుంది, ఒంటి చేత్తో కడుక్కోవచ్చు. ఒకసారికి 100 నుంచి 150 మిల్లీలీటర్లు సరిపోతాయి. రైలు కుళాయి నీళ్లు చేతులకు వాడండి, కప్పుకు వద్దు. అవి తాగే నీళ్లు కావు.

చేతులు సబ్బుతో కడుక్కోవాల్సింది కప్పు తీయకముందు. చాలామంది తీసి పెట్టుకున్నాక శుభ్రంగా కడుగుతారు, కానీ రైలు గొళ్లేన్ని, కడ్డీని తాకిన చెయ్యే జబ్బు తెస్తుంది. ఇండియన్ టాయిలెట్ ఉన్న బాత్రూంకే వెళ్లండి. గొంతుక్కూర్చుని కొద్దిగా ముక్కితే కప్పు కిందికి దిగుతుంది. కాడ పట్టుకుని లాగకండి, అది అడుగుభాగం ఎక్కడుందో చూపడానికి మాత్రమే. బొటనవేలు, చూపుడువేలితో అడుగును నొక్కితే గాలి పట్టు వదులుతుంది. అప్పుడు కాస్త వాల్చి ముందు ఒక అంచు, తర్వాత రెండో అంచు బయటికి తీయండి. రైలు కుదుపుల్లో తొందరపడి పట్టు వదలకముందే లాగితే నొప్పీ పుడుతుంది, ఉన్నదంతా బట్టలమీద చిందుతుంది కూడా. రక్తం వల్ల బయో టాయిలెట్‌కు ఏ ఇబ్బందీ లేదు. టిష్యూ, ప్యాడు మాత్రం అందులో వేయకండి, చెత్తబుట్టలో వేయండి.

నీళ్లు అయిపోయాయా? శుభ్రమైన టిష్యూతో తుడిచి పెట్టుకోండి, తర్వాతిసారి కడిగితే సరి. కప్పు నేలమీద పడితే మాత్రం ఇక మరిగించేదాకా వాడకూడదు. టాయిలెట్‌లోనే పడితే దాని మీద ఆశ వదులుకోండి. సంచిలో గుడ్డ ప్యాడు పెట్టమన్నది ఇందుకే.

పెట్టుకున్నాక కప్పు అడుగు చుట్టూ వేలితో తడిమి చూడండి. ఎక్కడైనా మడత తగిలితే పూర్తిగా విచ్చుకోలేదన్నమాట, కొద్దిగా తిప్పండి. అన్నీ సరిగా చేసినా కారుతుంటే పై అంచు కింద ఉండే చిన్న చిల్లులు పూడిపోయి ఉండొచ్చు. కప్పు నిండా నీళ్లు పోసి, అరచేతితో మూసి నొక్కండి. చిల్లుల్లోంచి నీళ్లు చిమ్మితే అవి తెరుచుకున్నట్టే.

నెలసరి నడుస్తుండగా కప్పును మరిగించనక్కర్లేదు. బయల్దేరే ముందు ఇంట్లో 5 నుంచి 10 నిమిషాలు మరిగించి, బాగా ఆరాక నూలు సంచిలో పెట్టుకోండి. గాలాడని డబ్బాలో వద్దు. మరిగేటప్పుడు స్టవ్ దగ్గరే ఉండండి. నీళ్లు ఇగిరి, కప్పు గిన్నె అడుగుకు అంటుకుని మాడితే ఇక పనికిరాదు. లాడ్జీ కెటిల్‌లో మాత్రం దయచేసి మరిగించకండి, మీ తర్వాత వచ్చినవాళ్లు అందులో టీ పెట్టుకుంటారు. మీ స్టీలు గ్లాసులో కప్పు వేసి, కెటిల్‌లో కాగిన నీళ్లు పోసి, కాసేపు మూత పెట్టండి. మరిగించినంత కాకపోయినా మధ్యలో ఒకసారి బాగా శుభ్రం చేయాలనిపిస్తే అది చాలు. డెట్టాల్, శానిటైజర్, గిన్నెల సబ్బు కప్పుకు తగలనివ్వకండి. వాటి శేషం లోపలి పొరను మండిస్తుంది.

ప్రశ్న: నేను గుడ్డ ప్యాడ్లు వాడతాను. ఎన్నికల డ్యూటీ పడితే ముందురోజే వెళ్లి, రాత్రి పోలింగ్ కేంద్రంలోనే పడుకుని, మర్నాడు ఈవీఎంలు అప్పగించి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. అక్కడ ఉతికే వీలుండదు. వాడినవి ఎలా దాచాలి? వాసన వస్తుందేమోనని బెంగ.
– ఒక ఉపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా

అక్కడ ఉతకాలన్న ఆలోచనే పెట్టుకోకండి, టీచర్ గారూ. ఐదారు గంటలకొకటి చొప్పున రెండు రోజులకు 8 ప్యాడ్లు, అదనంగా ఒకటి తీసుకెళ్లండి. పోలింగ్ రోజు మాక్ పోల్ (పోలింగ్‌కు ముందు జరిపే నమూనా ఓటింగ్) మొదలవకముందే మార్చుకోండి. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా కుర్చీ వదలడం కష్టమని మీకు మేం చెప్పనక్కర్లేదు.

వాడిన ప్యాడును తడపకండి. వాసన భయంతో చాలామంది చేసే పొరపాటే ఇది: కొంచెం నీళ్లలో జాడించి, పిండి, ప్లాస్టిక్ కవర్లో బిగించి కడతారు. తడి, వేడి, గాలి లేకపోవడం మూడూ కలిస్తే సూక్ష్మజీవులు పెరగడానికి అంతకంటే ఏం కావాలి? కవరు విప్పేసరికి భరించలేని వాసన, నల్లటి బూజు చుక్కలు. పొడిగానే మరక లోపలికి వచ్చేలా మూడు మడతలు పెట్టి, బటన్ నొక్కి, లోపల నీరు దిగని పొర ఉన్న జిప్పు సంచిలో పెట్టండి. సంచి అడుగున రెండు మడతల న్యూస్ పేపర్ వేస్తే చెమ్మ పీల్చుకుంటుంది. ఇలా ఒకటి రెండు రోజులు నిశ్చింతగా ఉంటుంది. మరక కాస్త మొండిదవుతుంది, అంతే.

ఇంటికి రాగానే చన్నీళ్లతో మొదలుపెట్టండి. వేణ్నీళ్లు పోస్తే రక్తంలోని ప్రొటీన్ గడ్డకట్టి దారాల్లోకి దిగిపోతుంది, ఇక ఎంత రుద్దినా పోదు. నీళ్లు దాదాపు తేటగా వచ్చేదాకా పిండుతూ జాడించి, అరగంట నానబెట్టి, సబ్బు పెట్టండి. రాత్రంతా నానబెట్టొద్దు. నురగ పూర్తిగా పోయేదాకా జాడించండి. గుడ్డ ప్యాడుతో తొడలు ఒరుసుకుని దద్దుర్లు వచ్చాయనేవాళ్లలో కొందరికి అసలు కారణం గుడ్డలో మిగిలిన సబ్బే. కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రవాలు వేయకండి, వాటి పొర పట్టి గుడ్డ పీల్చడం మానేస్తుంది.

ఇక ఆరవేయడం. మన ఇళ్లలో ఈ గుడ్డల్ని చీర కిందో, బాత్రూం తలుపు వెనకో, మంచం కిందో దాచి ఆరేసే అలవాటు ఇంకా పోలేదు. చుట్టాలింటికి వెళ్తే మరీనూ. అలా ఆరినవి పైకి పొడిగా కనిపిస్తాయి, లోపలి పొరల్లో చెమ్మ ఉండిపోతుంది. దురద, మంట, తెల్లబట్ట అక్కడి నుంచి మొదలవ్వొచ్చు. గుడ్డకు ఎండ తగలాలి, గాలి ఆడాలి. ఇందులో దాచుకోవాల్సినది ఏదీ లేదు. అంతగా మొహమాటమైతే పైన పల్చటి చున్నీ ఒకటి కప్పండి, గాలి ఆగదు. వానాకాలం లాడ్జీలో అయితే ఉతికిన ప్యాడును పొడి తువాలులో పెట్టి చాపలా చుట్టి, మీద మోకాలితో బలంగా నొక్కండి. నీళ్లు చాలావరకు తువాలులోకి వెళ్తాయి. తర్వాత పీల్చే వైపు పైకి ఉండేలా ఫ్యాను కింద తాడుకు వేయండి. వేలితో నొక్కి చూసినప్పుడు చల్లగా తగిలితే ఇంకా ఆరనట్టే, వాడకండి.

ప్రశ్న: కేదార్‌నాథ్ వెళ్తున్నాం. అదే సమయానికి నెలసరి వచ్చేలా ఉంది. అక్కడి చలిలో కప్పు మంచిదా, గుడ్డ ప్యాడ్లా? గుర్రం ఎక్కితే కప్పు జారుతుందా?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

కప్పు అలవాటుంటే కప్పే. 3,583 మీటర్ల ఎత్తున, ఆ చలిలో, చినుకుల్లో గుడ్డ ప్యాడు రెండు రోజులైనా ఆరదు. తీసుకెళ్తే కప్పుకు తోడుగా రెండు మూడు, ఉతక్కుండా తిరిగి తెచ్చుకునే లెక్కన తీసుకెళ్లండి. గుర్రం కుదుపుకు, నడకకు కప్పు జారదు. సరిగా విచ్చుకున్న కప్పును కండరాలు, గాలి పట్టు రెండూ పట్టి ఉంచుతాయి.

గౌరీకుండ్ నుంచి నడక 16 కిలోమీటర్లకు పైనే. కాబట్టి తెల్లవారుజామున గదిలోనే ఖాళీ చేసి బయల్దేరండి. పైన కుళాయి నీళ్లు వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి, ఆ వేళ్లతో కప్పు పట్టు దొరకదు. అర లీటరు ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్లు ఉంచుకుంటే చేతులకూ, కప్పుకూ అవే. నీళ్లు లేక శానిటైజర్ రాసుకుంటే అది పూర్తిగా ఆరాక, కొద్ది నీళ్లతో వేళ్లు కడిగి అప్పుడే కప్పు ముట్టుకోండి, లేదంటే భగ్గున మండుతుంది. అంత ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అందుకే మరిగించే పని ఇంట్లోనే ముగించుకుని వెళ్లండి. గుడిలోకి వెళ్లాలా వద్దా అని కూడా అడిగారు. అది మీ మనసుకు సంబంధించినది, మేం చెప్పేది కాదు.

ప్రశ్న: మా అమ్మాయి ఆగస్టులో ఎం.ఎస్.కు అమెరికా వెళ్తోంది. రెండు విమానాలు మారి 20 గంటలకు పైగా ప్రయాణం. ఆ రోజు నుంచే కప్పు మొదలుపెడతానంటోంది. ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనిపిస్తుందా? గాలి ఒత్తిడికి ఏమైనా అవుతుందా?
– ఒక తల్లి, విజయవాడ

స్కానర్ గురించి బెంగ వద్దు. కప్పు సిలికాన్‌తో చేసింది, అందులో లోహం లేదు. ఒత్తిడి మార్పుల వల్లా ఏమీ కాదు. మా అభ్యంతరమల్లా 'ఆ రోజు నుంచే' అన్న మాట మీద. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో 43 అధ్యయనాలను, 3,300 మందికి పైగా మహిళల అనుభవాలను కలిపి చూసిన సమీక్ష వచ్చింది. కప్పు ప్యాడ్లకంటే ఎక్కువ కారదని, కానీ చెయ్యి తిరగడానికి కొన్ని నెలసరులు పడుతుందని అందులో తేలింది. అమ్మాయి ఇప్పుడే మొదలుపెట్టాలి. మడత పెట్టడం, తీయడం చూసుకోకుండా చేసేంత అలవాటైతేనే విమానంలో వాడాలి. అప్పటికీ కుదరకపోతే ప్యాడ్లతోనే వెళ్లనివ్వండి, పోయేదేముంది?

మన పిల్లలకు ఎవరూ ముందుగా చెప్పనిది ఇంకొకటుంది. విదేశీ ఎయిర్‌పోర్టుల్లో చాలాచోట్ల టాయిలెట్ గదిలో మగ్గుండదు, చేతి షవరుండదు, కాగితమే. వాష్ బేసిన్ బయట అందరి మధ్య ఉంటుంది. ఖాళీ సీసాతో సెక్యూరిటీ దాటి, లోపల తాగునీళ్లు నింపుకుని, దాన్ని టాయిలెట్‌లోకి తీసుకెళ్లాలి. ఫ్యామిలీ రెస్ట్‌రూమ్ అని రాసి ఉన్నవాటిలో బేసిన్ లోపలే ఉంటుంది, అది దొరికితే ఇంకా హాయి. విమానం కుళాయి నీళ్లతో కప్పు కడగొద్దు.

నిద్రపోయి 12 గంటలు దాటకుండా ఫోన్‌లో అలారం పెట్టుకోమనండి. కప్పు వాడేవాళ్లలో టాక్సిక్ షాక్ సిండ్రోమ్ (బ్యాక్టీరియా విషం ఒంట్లో పాకి వచ్చే ప్రాణాంతక జబ్బు) చాలా అరుదు, అయినా గుర్తులు తెలిసి ఉండాలి: ఉన్నట్టుండి ఎక్కువ జ్వరం, వాంతులు, ఎండకు కమిలినట్టు ఒంటిమీద ఎర్రదనం, కళ్లు తిరగడం. అలా అయితే వెంటనే కప్పు తీసేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, కప్పు వాడుతున్న సంగతి దాచకుండా చెప్పాలి.

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్ల, రెండు రోజులు అరకు విహారయాత్ర. పీరియడ్ ప్యాంటీలు కొనిచ్చాను. సరిపోతాయా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

రాత్రికి సరిపోతాయి. పగలు ఇబ్బంది. ప్యాంటీ మార్చాలంటే బూట్లు, లెగ్గింగ్స్ మొత్తం విప్పాలి. దారిలో టాయిలెట్ నేలంతా తడిగా ఉంటే పిల్ల ఎక్కడ నిలబడుతుంది? మార్చుకోలేక సాయంత్రం దాకా అదే ఉంచుకుంటుంది. పగలు మామూలు ప్యాంటీకి రెక్కల గుడ్డ ప్యాడు పెట్టి పంపండి, నిలబడే మార్చుకోవచ్చు. ప్యాంటీ ఎన్ని మిల్లీలీటర్లు పీలుస్తుందో ప్యాకెట్ మీద చూడండి. ముందు ఒక నెల ఇంట్లో వేసుకోనివ్వండి. ఒక ముదురు రంగు లెగ్గింగ్స్ అదనంగా పెట్టండి. సెగ చూపించి ఆరబెట్టడం, ఇస్త్రీ చేయడం వద్దు, నీరు ఆపే పొర పాడవుతుంది.

ప్రశ్న: నాకు కాపర్-టి ఉంది. ప్రయాణానికి కప్పు కొనొచ్చా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

కాపర్-టి వేసిన డాక్టర్‌ను అడగకుండా కొనకండి. కప్పు గాలి పట్టు వదలకుండా లాగినా, కప్పుతో పాటు కాపర్-టి దారం వేళ్ల మధ్య చిక్కినా అది జారి రావచ్చు. పైన చెప్పిన సమీక్షలోనే అలా 13 మందికి జారినట్టు ఉంది. డాక్టర్ సరేనంటే దారం పొడవు చూడమనండి, అవసరమైతే కత్తిరిస్తారు. కప్పు వాడుతుండగా దారం వేలికి తగలకపోయినా, మునుపటికంటే పొడవుగా తగిలినా పరీక్ష చేయించుకునేదాకా గర్భం రాకుండా వేరే జాగ్రత్త తీసుకోండి. ఈ ప్రయాణానికైతే గుడ్డ ప్యాడ్లే మేలు.