5/9 సున్నా ఎలా అయింది?

ప్రశ్న: వాతావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మా సార్ ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమన్నారు. ఫారెన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రామ్ రాస్తే, ఎంత ఉష్ణోగ్రత ఇచ్చినా సున్నాయే వస్తోంది. ఎర్రర్ కూడా చూపించదు. ఇదే సూత్రం పైథాన్‌లో చక్కగా పనిచేస్తోంది. అసలు ఇంత పాత భాష ఇప్పుడెందుకండీ?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మీరు 5/9 అని రాసుంటారమ్మా. చుక్క లేని అంకెలు రెండు కనిపిస్తే ఫోర్ట్రాన్‌కి అది పూర్ణాంకాల భాగహారం. ఐదులో తొమ్మిది ఎన్నిసార్లు పోతుంది? ఒక్కసారి కూడా పోదు, కాబట్టి సున్నా. శేషం సంగతి దానికి పట్టదు. ఆ సున్నాని దేనితో గుణించినా సున్నాయే కదా. 5.0/9.0 అని మార్చి, 98.6 ఇచ్చి చూడండి. 37 వస్తుంది. 36.99999 అని వచ్చినా కంగారు పడకండి, అది వేరే కథ.

ఇలాంటి దెబ్బ నేనూ తిన్నాను. మేం రంధ్రాలు పొడిచే అట్ట కార్డుల మీద ప్రోగ్రాములు రాసేవాళ్లం. లైనుకో కార్డు. పొద్దున కట్ట ఇచ్చి వస్తే ఫలితం మర్నాటికి చేతికొచ్చేది. క్లాసు మార్కుల సగటుకి 'మీన్' అని పేరు పెట్టాను. 61.8 రావాలి, 61 వచ్చింది. కూడిక తప్పేమోనని మార్కులన్నీ చేత్తో కూడాను, కార్డులన్నీ తిరగేశాను. మూడు రోజులు పోయాయి. తప్పు పేరులోనే ఉంది. మనం ఏ రకమో చెప్పకపోతే, ఐ నుంచి ఎన్ దాకా ఉన్న అక్షరాలతో మొదలయ్యే పేర్లన్నీ పూర్ణాంకాల కిందే లెక్క. ఎం ఆ మధ్యలోదే! అందుకే ప్రోగ్రామ్ పేరు కిందనే 'ఇంప్లిసిట్ నన్' అని రాసుకోండి. ప్రతి పేరుకీ రకం చెప్పేదాకా కంపైలర్ (మన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేది) ఊరుకోదు. స్పెల్లింగ్ తప్పినా అక్కడే పట్టేస్తుంది. మా కంపైలర్‌కి ఆ భాగ్యం లేదు.

ఇంకోటి. ఫైలు పేరు చివర .ఎఫ్90 అని పెట్టండి. ఉత్త .ఎఫ్ అంటే జీఫోర్ట్రాన్ అనే కంపైలర్ మా కార్డుల పద్ధతిలోనే చదువుతుంది. వాక్యం ఏడో గడి నుంచి మొదలవ్వాలి, 72 దాటినవి లెక్కలోకి రావు.

పాతదంటారా, నిజమే. ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం తయారుచేసిన ఈ భాష 1957లో బయటికొచ్చింది. కానీ వాతావరణ అంచనాలకు వాడే డబ్ల్యూఆర్ఎఫ్ మోడల్లో ఎక్కువ భాగం ఫోర్ట్రానే. రేపో మాపో మీ సార్ దాన్ని తెరవమంటారు. పైథాన్ మానెయ్యక్కర్లేదు, గ్రాఫులకు అదే హాయి.

ముందు డూ లూపు (ఒకే పనిని పదేపదే చేయించేది), అరేలు (ఒకే పేరు కింద వరసగా ఉండే విలువలు) పట్టుకోండి. అరేలో లెక్క మామూలుగా 1 నుంచి మొదలవుతుంది, పైథాన్‌లా 0 నుంచి కాదు. మీ ఊరి నెల రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రతలు ఒక అరేలో పెట్టి సగటు తీయండి. దానికి 'మీన్' అనే పేరు పెట్టినా పర్వాలేదు, రియల్ (దశాంశ సంఖ్య) అని మాత్రం ముందే చెప్పండి.