చానెల్ సకురాను ఏ గాటన కట్టాలి?

జపాన్, చైనా రెండూ తమవేననే సెంకాకు దీవులపై జపాన్‌కు చెందిన చానెల్ సకురా వీడియో చూసి, ఇది జపాన్ ప్రభుత్వ చానెలా, దీన్ని నా ప్రాజెక్టులో ప్రజాభిప్రాయంగా చూపవచ్చా అని అడిగారు. రెండూ కాదండీ.

అక్కడి ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే. సకురాను 2004లో సినీ దర్శకుడు మిజుషిమా సతోరు ప్రారంభించారు. మొదట ఉపగ్రహ ప్రసారం, తర్వాత ఎక్కువగా ఇంటర్నెట్. ప్రేక్షకుల చందాలే దానికి పెద్ద ఆసరా.

మీకు అసలు చిక్కు వచ్చింది ఇక్కడ అనుకుంటాను. 2010లో మిజుషిమా, వైమానిక దళ మాజీ అధిపతి తమొగామి తొషియో కలిసి ‘గంబారే నిప్పోన్’ అనే ఉద్యమ సంస్థ పెట్టారు. అంటే ఊరేగింపుకు పిలిచేదీ, దాన్ని వార్తగా చూపేదీ దాదాపు ఒకే చెయ్యి! 2012 ఆగస్టులో ఈ సంస్థ పడవల్లో సెంకాకుకు వెళ్లింది. దిగడానికి ప్రభుత్వం అనుమతించలేదు. అయినా పది మంది ఈదుకుంటూ వెళ్లి అక్కడి ఉవోత్సురి దీవి ఎక్కారు. ప్రభుత్వ గొంతుకైతే ఈ తిప్పలు ఎందుకు?

ఇక ప్రజాభిప్రాయం సంగతి. వీడియో కింది వ్యాఖ్యలను లెక్కపెట్టకండి, ఓట్లు చూడండి. 2014 టోక్యో గవర్నర్ ఎన్నికలో తమొగామికి సుమారు 6.1 లక్షల ఓట్లతో నాలుగో స్థానం దక్కింది. గెలిచిన మసుజొయెకు 21 లక్షలు దాటాయి. తమొగామికి వచ్చినవి తక్కువేమీ కాదు, కానీ టోక్యో మొత్తం కూడా కాదు.

నివేదికలో సకురాను ‘ఉద్యమ మాధ్యమం’ అని రాయండి. అదే ఘటనపై అసాహి, యొమియురి పత్రికల కథనాలను దాని పక్కనే పెట్టి పోల్చండి. అవి రెండూ కూడా ఒకే మాట చెప్పవు.